ప్రామాణిక సముద్రం

పూసలరేవు మున్సిపాలిటీకి సముద్రం మొదటినుంచీ ఉంది. ఆ ఒడ్డున జనం పోగొట్టుకున్న వస్తువులు వెతికిపెట్టే విభాగం మాత్రం మున్సిపల్ అధికారి త్రివిక్రమరావు గారు విదేశీ అధ్యయన యాత్రకు వెళ్ళి వచ్చేదాకా లేదు. ఆయన అక్కడేదో బీచిలో ఒక ముసలాయన చెవులకు హెడ్‌ఫోన్లు తగిలించుకుని, పొడుగాటి కర్ర చివర పళ్ళెంలాంటిది పెట్టి ఇసుకమీద అటూ ఇటూ ఊపుకుంటూ నడవడం చూశారు. దాన్ని మెటల్ డిటెక్టర్ అంటారనీ, ఇసుకలో పడిపోయిన ఉంగరాలూ గొలుసులూ పసిగడుతుందనీ ఎవరో చెప్పారు. ఆయన మనసు అక్కడే ఉండిపోయింది. తిరిగొచ్చిన కొద్దిరోజులకే పూసలరేవులో ‘తీర లోహాన్వేషణ విభాగం’ వెలిసింది. దానికి ఆయనే డైరెక్టరు. ముందు బోర్డు వచ్చింది, తరవాత గది వచ్చింది, ఆ తరవాత కుర్చీలు వచ్చాయి, అన్నిటికన్నా ఆఖర్న మూడు మెటల్ డిటెక్టర్లు వచ్చాయి.

యంత్రాలు వచ్చాక వాటిని ముట్టుకునే మనిషి కావలసివచ్చాడు. వీధిదీపాల విభాగంలో ఉన్న కొల్లూరి దక్షిణామూర్తిని అలా ఇక్కడికి బదిలీ చేశారు. స్తంభం ఎక్కి బల్బులు మార్చే పనిలో చేరి, రాత్రి కాలేజీలో చదువుకుని, మెల్లగా అసిస్టెంటు ఇంజనీరు దాకా వచ్చిన మనిషాయన. పని పూర్తయిందనడానికి ఆయనకు తెలిసిన గుర్తు ఒక్కటే, దీపం వెలగడం. వెలిగితే ఇంటికి వెళ్ళిపోతాడు, వెలగకపోతే స్తంభం దగ్గరే ఉంటాడు. పోయిన వస్తువు దొరకబుచ్చుకుని మనిషి చేతిలో పెట్టడం కూడా దీపం వెలిగించడం లాంటిదేననిపించి, కొత్త ఉద్యోగానికి ఆయన సంతోషంగానే వచ్చాడు.

విభాగానికి వచ్చిన మొదటి దరఖాస్తు మైలపల్లి నూకరత్నానిది. ఆమె జాలరిపేటలో ఉంటుంది, రేవులో చేపలు కొని ఊళ్ళో అమ్ముతుంది. ఒక చెవికి బంగారు బుట్టకమ్మ, రెండో చెవి తమ్మె పూడిపోకుండా చీపురుపుల్ల పెట్టుకుని ఆఫీసు మెట్లెక్కింది. ఆ కమ్మలు మొగుడు చేయించినవీ కావు, పుట్టింటివారు పెట్టినవీ కావు. ఎండుచేపల గంప నెత్తిన పెట్టుకుని ఊరూరూ తిరిగి తన రెక్కల కష్టంతో కొనుక్కున్నవి. జాలరిపేటలో అందరికీ అవి తెలుసు. నూకరత్నం వస్తోందంటే ముందు కమ్మలు కనిపిస్తాయి, తరవాత నూకరత్నం కనిపిస్తుంది అనుకునేవారు.

“పెద్దవల లాగుతుంటే కెరటం ఇసిరి కొట్టినాది బాబూ. లేచి సూసుకుంటే సెవి బోసిగా ఉన్నాది. ఆ ఇసకలోనే ఎక్కడో ఉంటాది, ఎక్కడికి పోద్ది,” అంది.

దక్షిణామూర్తి అప్పటికప్పుడే ఒక యంత్రం భుజాన వేసుకుని బయల్దేరాడు. గేటు దాటకుండానే డైరెక్టరు గారి నుంచి పిలుపు వచ్చింది. త్రివిక్రమరావు గారి చేతిలో యంత్రాలతోపాటు వచ్చిన పుస్తకం ఉంది. ఉప్పునీటి బీచిలో వాడబోయే ముందు పనితీరు పరీక్షించుకోవాలని మొదటి పేజీలోనే రాసి ఉందని ఆయన చూపించారు.

“పరీక్షించని యంత్రంతో ప్రజల వస్తువును వెతికామనుకో. అది దొరికిందనడానికి సాక్ష్యమేమిటి, దక్షిణామూర్తీ?”

“ఆ వస్తువేనండి,” అన్నాడు దక్షిణామూర్తి.

“వస్తువు వస్తువే. సాక్ష్యమంటే ధ్రువపత్రం,” అన్నారు డైరెక్టరు గారు. ఆ మాట ఆయనకే నచ్చి, గోడమీద రాయించమని గుమాస్తాతో చెప్పారు.

పరీక్ష మొదలైంది. పొడి ఇసుకమీద మూడు యంత్రాలూ బుద్ధిగా ఉన్నాయి. కెరటం వచ్చి తడిపి వెళ్ళిన చోటికి తీసుకెళ్ళేసరికి మూడూ ఒక్కసారే గోల పెట్టాయి. నీళ్ళు వస్తే అరిచాయి, వెనక్కి పోతే అరిచాయి, పళ్ళెం కాస్త పైకెత్తితే అరిచాయి. ఒడ్డున పడుకున్న కుక్కలు లేచి వెళ్ళిపోయాయి. వలలు బాగుచేసుకుంటున్న జాలర్లు ఊరికి తుపాను హెచ్చరిక యంత్రాలు వచ్చాయనుకుని పడవలు పైకి లాక్కున్నారు.

దక్షిణామూర్తి ఆ పుస్తకం ముందేసుకుని కూర్చున్నాడు. ఉప్పునీటిలో తడిసిన ఇసుక కూడా కరెంటును కొంత పారనిస్తుంది కాబట్టి యంత్రం ఉప్పునే లోహమని భ్రమపడుతుందని అందులో ఉంది. యంత్రం సున్నితత్వపు మీట కాస్త తగ్గించుకోవాలి, పళ్ళేన్ని ఇసుకకు ఒకే ఎత్తులో పట్టుకోవాలి, నిదానంగా ఊపాలి. ఉప్పు చప్పుడు పూర్తిగా నొక్కేస్తే పల్చటి బంగారం చప్పుడు కూడా దాంతోపాటే పోతుంది, ఎందుకంటే యంత్రం చెవికి ఆ రెండూ ఇంచుమించు ఒకటే. కాబట్టి దాన్ని కొంత అరవనిచ్చి, ఆ అరుపుల్లోంచి అసలుదాన్ని పట్టుకోవడం మనిషే నేర్చుకోవాలి. ఆయన సాధన చేశాడు. ఇసుకలో రూపాయి బిళ్ళలు పాతి వెతికాడు, మొదట్లో పోగొట్టుకున్నాడు, తరవాత్తరవాత దొరకబుచ్చుకున్నాడు. యంత్రాలు పనిచేస్తాయి, చేయి కుదరాలి, అంతేనని నివేదిక రాసి ఇచ్చాడు.

డైరెక్టరు గారు నివేదిక చదివి సమావేశం ఏర్పాటు చేశారు.

“యంత్రాల పనితీరులో మనకు లోపం కనిపించలేదు. సముద్రం పనితీరులో కనిపించింది,” అని ప్రారంభించారు. “పొద్దున ఒక ఉప్పు, సాయంత్రం ఒక ఉప్పు. కెరటాల రాకపోకల్లో సమయపాలన లేదు. పరీక్ష జరుగుతుండగా నీటిమట్టం ముందస్తు సమాచారం లేకుండా పెరిగింది. ఇటువంటి అస్థిర ప్రవర్తన గల సముద్రంలో జరిపిన పరీక్షకు విలువ ఎక్కడిది?”

సముద్రం ఏ శాఖ కిందికి వస్తుందో కనుక్కుని సంజాయిషీ అడగమని ఆదేశించారు. రెవెన్యూవారు తమ హద్దు పొడి ఇసుకతో సరి అన్నారు. మత్స్యశాఖవారు తమ బాధ్యత చేపలవరకేననీ, నీటితో తమకు సంబంధం లేదనీ జవాబిచ్చారు. సముద్రాన్ని అడిగేవారు ఎవరూ లేరని తేలింది. పైగా పరీక్ష జరిగే చోట ముందుగా వేరే లోహమేదీ ఉండకూడదని నియమం ఉందట. పూసలరేవు ఒడ్డు నిండా సీసామూతలూ మేకులూ తెగిన గాలాలూనూ. వాటిని ఏరాలంటే యంత్రం కావాలి, యంత్రం వాడాలంటే పరీక్ష కావాలి, పరీక్ష కావాలంటే వాటిని ఏరాలి. ఈ చిక్కుముడి దగ్గర సమావేశమంతా ఆగి టీ తాగింది.

అప్పుడు త్రివిక్రమరావు గారికి ఆలోచన తట్టింది. ఈ సముద్రంతో లాభం లేదనీ, మనమే ఒకటి కట్టుకోవాలనీ అన్నారు. అందరూ చప్పట్లు కొట్టారు. దక్షిణామూర్తికి కొట్టబుద్ధి కాలేదు గానీ, పక్కవాడు చూస్తున్నాడని రెండు చేతులూ ఒకసారి కలిపాడు.

ఆఫీసు వెనక ఖాళీ స్థలంలో, అసలు సముద్రానికి విసిరితే రాయి పడేంత దూరంలో, ‘ప్రామాణిక సముద్రం’ నిర్మాణం మొదలైంది. పొడవాటి సిమెంటు తొట్టె కట్టి, ఒక వైపు ఒడ్డులా ఏటవాలు చేశారు. బీచి ఇసుకలో మేకులున్నాయి కాబట్టి ఏటి ఇసుక లారీల్లో తెప్పించారు. సముద్రపు నీటికి ధ్రువీకరణ లేదు కాబట్టి ట్యాంకర్లతో మంచినీళ్ళు పోయించారు. తీరా పోసిన తరవాత ఇది ఉప్పునీటి పరీక్ష కదా, ఉప్పేదని ఎవరికో అనుమానం వచ్చింది. ఉప్పుకు టెండరు పిలిచారు. ప్రభుత్వ ఆమోదం పొందిన సరఫరాదారు అయోడిన్ కలిపిన మెత్తటి ఉప్పు ప్యాకెట్లు ఇచ్చాడు. నలుగురు మనుషులు తొట్టె గట్టుమీద కూర్చుని వాటిని పళ్ళతో చింపి కుమ్మరించారు. పూసలరేవు సముద్రంలో దిగిన ఎవరికైనా ఇకమీద థైరాయిడ్ సమస్య రాదని డైరెక్టరు గారు పత్రికలవారికి చెప్పారు.

కెరటాల కోసం ఇద్దరిని తీసుకున్నారు. వాళ్ళ ఉద్యోగం పేరు తరంగ సహాయకులు. తొట్టెకు ఆ చివర చెక్కపలకలు పట్టుకుని నిలబడి, ఈల వినగానే నీళ్ళను ఒడ్డుకేసి తోయాలి. ఒక ఈలకు సాధారణ కెరటం, రెండు ఈలలకు ఓ మోస్తరు కెరటం. మధ్యాహ్న భోజన విరామంలో సముద్రం ప్రశాంతంగా ఉండునని గోడమీద రాశారు. వాళ్ళలో ఒకడికి పెళ్ళి కుదిరి సెలవు పెడితే, ‘అనివార్య కారణాలవల్ల నేడు సముద్రం లేదు’ అని గేటుకు కాగితం అతికించారు. పక్కనున్న అసలు సముద్రపు హోరుకు పరీక్షాధికారులకు ఈల వినిపించడం లేదని ఫిర్యాదు వచ్చినప్పుడు, మధ్యలో ఎత్తుగా గోడ లేపారు. కాగితాల్లో ఆ గోడను ‘అనధికార సముద్ర నివారణ కుడ్యం’ అని వ్యవహరించారు.

నూకరత్నం చేపలమ్మి వచ్చేటప్పుడు గంప మెట్లమీద దించి, కమ్మ సంగతి అడిగి వెళ్ళేది. పరీక్ష అవుతోందని దక్షిణామూర్తి చెప్పేవాడు. ఆ మాట చెప్పినప్పుడల్లా ఆయన చూపు ఆమె చెవిలో చీపురుపుల్ల మీదికి పోయేది, వెంటనే పక్కకు తిప్పుకునేవాడు. ఒకసారి ఆమె కమ్మ గురించి కాకుండా నీళ్ళ గురించి అడిగింది. జాలరిపేటకు వచ్చే ట్యాంకరు రావడం మానేసిందట. ఆడవాళ్ళు బిందెలు పట్టుకుని రోడ్డుమీద కూర్చుంటున్నారట. ట్యాంకరు ఎక్కడికి పోతోందో దక్షిణామూర్తికి తెలుసు. కిటికీలోంచి చూస్తే అప్పుడే అది లోపలికి వచ్చి ప్రామాణిక సముద్రంలో నీళ్ళు వదులుతోంది. ఆయన డైరెక్టరు గారి దగ్గరకు వెళ్ళి, పేటవాళ్ళకు తాగడానికి నీళ్ళు లేవని చెప్పాడు. వాళ్ళ క్షేమం కోసమే కదా ఈ సముద్రమంతానని ఆయన బాధపడ్డారు.

చివరికి పరీక్ష జరిగింది. తోరణాలు కట్టారు, ఈల ఊదారు, సాధారణ కెరటం వచ్చింది. యంత్రం ఎన్నిసార్లు అకారణంగా అరిస్తే అన్ని మార్కులు తీసేయాలన్నది పద్ధతి. మొదటి యంత్రం అరిచింది. రెండో యంత్రం ఎక్కడా నోరు విప్పలేదు. సాధారణ కెరటానికి విప్పలేదు, మోస్తరు కెరటానికీ విప్పలేదు. మూడో యంత్రం ఒడ్డున పెట్టినప్పటినుంచీ తీసేదాకా అరుస్తూనే ఉంది. రెండో యంత్రానికి పూర్తి మార్కులు వచ్చాయి. ఇసుకలో పాతిపెట్టిన ఇత్తడి చెంబు మీదుగా పోనిచ్చినప్పుడు కూడా అది అదే నిగ్రహం చూపించింది. అయితే చెంబును కనిపెట్టడం రెండో దశ పరీక్ష కాబట్టి దానికి మార్కులు తగ్గించలేదు.

దక్షిణామూర్తికి సందేహం వచ్చి దాని మూత విప్పి చూశాడు. లోపల బ్యాటరీ లేదు, మొదటి పరీక్ష అయ్యాక ఎవరో తీసి మళ్ళీ పెట్టడం మరిచినట్టున్నారు. డైరెక్టరు గారి దగ్గరకు తీసుకెళ్ళి చూపించాడు.

“బ్యాటరీ లేదండి, అందుకే అరవలేదు.”

“నిబంధనల్లో బ్యాటరీ ప్రస్తావన ఎక్కడైనా ఉందా?” అని అడిగారు త్రివిక్రమరావు గారు.

వెతికితే ఎక్కడా లేదు.

“మూల్యాంకనం ముగిశాక యంత్రం అంతర్గత విషయాల్లో జోక్యం చేసుకోవడం సముచితం కాదు,” అంటూ ఆయన ధ్రువపత్రం మీద సంతకం చేశారు. ఆ యంత్రానికి పూలదండ వేసి అద్దాల బీరువాలో పెట్టారు. అరిచిన మూడో యంత్రాన్ని ‘అపశబ్ద యంత్రం’ అని చీటీ కట్టి, పాత కుర్చీల వెనక పడేశారు.

ధ్రువపత్రం వచ్చిందని దక్షిణామూర్తి ఆశగా అసలు బీచికి వెళ్ళడానికి అనుమతి అడిగాడు. అప్పుడు తెలిసింది, పత్రం ప్రామాణిక సముద్రానికే చెల్లుతుందని. అనధికార సముద్రంలో ఆ యంత్రం వాడితే పత్రం రద్దవుతుంది. మరి నూకరత్నం కమ్మ పోయింది అక్కడే కదా అంటే, డైరెక్టరు గారు అందుకు విచారం వ్యక్తం చేశారు. ఆవిడ ఇక్కడ పోగొట్టుకుని ఉంటే ఎంతో సులువయ్యేదన్నారు. ఇటువంటి పొరపాటు ఇంకెవరూ చేయకుండా మర్నాడే ఊరంతా ప్రకటన అంటించారు. పౌరులు తమ లోహవస్తువులను పని వేళల్లో ప్రామాణిక సముద్రంలో మాత్రమే పోగొట్టుకోవాలనీ, ఇతర సముద్రాల్లో పోగొట్టుకున్నవారిపై చర్య తీసుకోబడుననీ అందులో ఉంది.

నూకరత్నానికి చదువు రాదు. ప్రకటనలో ఏముందని దక్షిణామూర్తిని అడిగింది. ఆయన చదివి వినిపించాడు. ఆమె గంప ఎత్తుకోబోయి, మళ్ళీ దించింది.

“మీరు సెడ్డోరు కాదు బాబూ, అందుకే అడుగుతున్నాను. అది దొరుకుద్దా, దొరకదా? దొరకదంటే ఈ పుల్ల తీసేసి రెండో కమ్మ అమ్ముకుంటాను. దొరుకుద్దంటే ఇలాగే పెట్టుకుని తిరుగుతాను. ఏదో ఒకటి సెప్పండి.”

ఇన్నాళ్ళ ఉద్యోగంలో దక్షిణామూర్తిని ఎవరూ ఇంత సూటిగా ప్రశ్న అడగలేదు. దొరుకుతుందంటే అబద్ధమవుతుందేమో, దొరకదంటే పాపమవుతుందేమో. వచ్చే ఆదివారం పొద్దున్నే పెద్దవల లాగిన చోటు చూపించమని మాత్రం అన్నాడు.

ఆదివారం ఆయన పాత కుర్చీల వెనకనుంచి అపశబ్ద యంత్రాన్ని తీసి, దుప్పటి చుట్టి, సైకిలు వెనక కట్టుకుని వెళ్ళాడు. నూకరత్నం జల్లెడ తెచ్చింది. మొదటి ఆదివారం సీసామూతలు దొరికాయి. రెండో ఆదివారం గాలాలూ, తుప్పుపట్టిన లంగరు కొక్కెం ఒకటీ దొరికాయి. యంత్రం అరుస్తూనే ఉంది, ఆయన వింటూనే ఉన్నాడు. ఉప్పు అరుపు వెడల్పుగా, కెరటంతోపాటు లేచి కెరటంతోపాటే పడుతుంది. ఇనుము తెగినట్టు పలుకుతుంది. ఈ తేడాలు చెవికి ఎక్కుతున్నకొద్దీ ఆయనకు చిన్నతనంలా హుషారు వచ్చింది. ఆఫీసులో దొరకని పని ఈ తడి ఇసుకలో దొరికింది. మధ్యలో నూకరత్నం ఇంటినుంచి చేపల పులుసూ అన్నమూ తెచ్చి పెట్టేది. ఆయన ఇంట్లో చేప వండరు. మొదటిరోజు మొహమాటపడ్డాడు, తరవాత పడలేదు.

ఆ తరవాత వచ్చిన ఆటుపోట్లకు ఒడ్డు కోసుకుపోయి, ఇసుక మెట్టులా విరిగింది. ఆ మెట్టు కింద నడుస్తుంటే ఉప్పు అరుపుల మధ్య సన్నగా, మెత్తగా ఒక పలుకు వినిపించింది. కెరటం వెనక్కి పోయినా అది పోలేదు. ఆయన పళ్ళెం అక్కడే ఆపి, మళ్ళీ ఊపాడు. మళ్ళీ పలికింది. నూకరత్నం మోకాళ్ళమీద కూలబడి చేతులతోనే తవ్వింది. జల్లెట్లో నీళ్ళు పోసి కడిగితే బుట్టకమ్మ కనిపించింది. లోపల ఇసుక కూరుకుని ఉంది, మెరుపు మాత్రం తగ్గలేదు.

ఆమె కేక వెయ్యలేదు, ఏడవలేదు. చీపురుపుల్ల తీసి పారేసి, కమ్మ పెట్టుకుని, ఎలా ఉందో చూడమన్నట్టు ఆయనకేసి తల తిప్పింది. దక్షిణామూర్తి బాగుందన్నాడు. వీధి చివర దీపం వెలిగినప్పుడు ఇంటికి వెళ్ళిపోయే మనిషి, ఆ రోజు వెళ్ళాలనిపించక చాలాసేపు ఇసుకలోనే కూర్చున్నాడు.

సోమవారం ఆఫీసు తెరవగానే నూకరత్నం రెండు కమ్మలతో, ఒక పెద్ద వంజరం చేపతో వచ్చింది. దక్షిణామూర్తి బాబు కమ్మ వెతికి ఇచ్చారనీ, ఈ చేప ఆఫీసందరికీ అనీ సంతోషంగా చెప్పింది. అందరూ ఫైళ్ళలోకి తలలు దించుకున్నారు. చేపను ఎక్కడ పెట్టాలో కూడా ఎవరూ చెప్పలేదు.

సాయంత్రానికల్లా దక్షిణామూర్తికి చార్జి మెమో అందింది. శాఖ తిరస్కరించిన యంత్రంతో, శాఖ గుర్తించని సముద్రంలో, సెలవు రోజున, పై అధికారుల అనుమతి లేకుండా ఒక వస్తువును కనుగొని, తద్వారా విభాగపు లక్ష్యాన్ని గడువుకు ముందే నెరవేర్చినందుకు ఎందుకు సస్పెండు చేయరాదో తెలియజేయవలసిందని అందులో ఉంది. ఆయన దాన్ని రెండుసార్లు చదివాడు. ప్రతి మాటా నిజమే. కాదనడానికి ఏమీ లేదు.

డైరెక్టరు గారు నూకరత్నాన్ని పిలిపించి, కుర్చీ వేయించి, సౌమ్యంగా నచ్చజెప్పారు. కమ్మ ఆమె చెవికి ఉన్నా, శాఖాపరంగా అది ఇంకా దొరకనట్టే లెక్క. కాబట్టి ఆమె దాన్ని తీసుకెళ్ళి దొరికినచోటే తిరిగి పాతిపెడితే, తగు సమయంలో సక్రమ పద్ధతిలో వెతికి, సభ పెట్టి అందజేస్తారు. ఆమె శ్రద్ధగా విన్నది.

“సముద్రానికి ఒకసారి ఇచ్చినాను బాబూ, తిరిగి ఇచ్చేసినాది. మళ్ళీ ఇయ్యమంటే ఇస్తాను. ముందు మీ ఉంగరం ఏసి సూపించండి.”

త్రివిక్రమరావు గారు తన వేలి ఉంగరాన్ని ఒకసారి చూసుకుని, సమావేశం ముగిసిందన్నారు.

అసలు చిక్కు ఆ తరవాత వచ్చింది. ప్రామాణిక సముద్రం చూసి రెండో సముద్రానికి నిధులు మంజూరు చేయడానికి రాజధానినుంచి ఉన్నతస్థాయి కమిటీ వస్తున్నట్టు కబురు అందింది. రెండోది అల్లకల్లోల సముద్రం, ఎక్కువమంది తరంగ సహాయకులతో. ఏర్పాట్లు చూసుకుంటూ ఉండగా గుమాస్తా ఒక సంగతి గుర్తుచేశాడు. విభాగం పెట్టినప్పటినుంచీ ఇప్పటిదాకా వచ్చిన దరఖాస్తు నూకరత్నానిది ఒక్కటే. ప్రకటన అంటించాక జనం భయపడి వస్తువులు పోగొట్టుకోవడం మానేశారు, పోగొట్టుకున్నా చెప్పడం మానేశారు. ఆ కమ్మ కూడా దొరికిందంటే, విభాగానికి వెతకడానికి ఏమీ లేదు. ఏమీ పోని ఊరికి రెండు సముద్రాలు ఎందుకని కమిటీ అడుగుతుంది.

త్రివిక్రమరావు గారికి ఆ పూట అన్నం సహించలేదు. జీపు వేయించుకుని స్వయంగా జాలరిపేటకు వెళ్ళారు. అప్పటిదాకా పేట ఏ దిక్కున ఉందో ఆయనకు తెలియదు. దారి చూపించడానికి దక్షిణామూర్తిని వెంట తీసుకెళ్ళారు. నూకరత్నం ఇంటిముందు ఒక పాత పడవ బోర్లించి ఉంటే, ఆయన దానిమీదే కూర్చున్నారు. ఆమె చేపలు కోస్తోంది, కత్తిపీట ముందునుంచి లేవలేదు.

“అమ్మా, కమ్మ పోయిందని ఒక్కమాట చెప్పు. కమిటీవారున్నంతసేపు చాలు,” అని బతిమాలారు.

ఆమె చేప తిప్పి కోస్తూ, ముందు మా పేటకు నీళ్ళబండి రావాలంది. వస్తుందన్నారు. రేపు కాదు, ఈ రోజే రావాలంది. సరేనన్నారు. దక్షిణామూర్తి బాబుమీద రాసిన కాగితం చింపేయాలంది. ఆయన కాసేపు తటపటాయించి, జీపులో ఉన్న సంచీలోంచి మెమో నకలు తెప్పించి ఆమె ఎదుటే చింపారు. ఆ ముక్కలు చేపపొట్టుమీద పడ్డాయి.

దక్షిణామూర్తికి ఇది నచ్చలేదు. డైరెక్టరు గారు జీపెక్కాక ఆయన వెనక్కి వచ్చి, తన ఉద్యోగం కోసం ఆమె అబద్ధం చెప్పక్కర్లేదనీ, నిజం తేలితే ఆమెకే చిక్కనీ అన్నాడు. నూకరత్నం చేతులు కడుక్కుంటూ ఆయనకేసి జాలిగా చూసింది.

“పోనాది నిజమే కదా బాబూ. దొరికినాదంటే ఆళ్ళే ఒప్పుకోనేదు. ఇందులో నా అబద్దం ఏటున్నాది?”

ఆయన ఎంత ఆలోచించినా ఆ మాటలో తప్పు పట్టలేకపోయాడు. ఆ సాయంత్రం ట్యాంకరు జాలరిపేటలోకి వచ్చింది. బిందెల చప్పుడు రోడ్డుదాకా వినిపించింది. దక్షిణామూర్తి అక్కడే నిలబడి అన్ని బిందెలూ నిండేదాకా చూశాడు.

కమిటీ వచ్చింది. అధ్యక్షుడు శేషశయనం గారు బాగా పెద్దాయన, సహృదయుడు. ప్రామాణిక సముద్రం ఒడ్డున షామియానా వేసి, ముందు వరసలో సోఫాలు వేశారు. బాధితురాలు కాబట్టి నూకరత్నానికి సోఫాలో చోటిచ్చారు. ఆమె ఉతికిన చీర కట్టుకుని, తలనిండా నూనె రాసుకుని, రెండు కమ్మలూ మెరుస్తుండగా కూర్చుంది. వెనక వరసలో దక్షిణామూర్తి ఉన్నాడు. పేటవాళ్ళు కొందరు గోడ పక్కన నిలబడ్డారు. వాళ్ళకు కమ్మలు కనిపిస్తూనే ఉన్నాయి, ఎవరూ ఏమీ అనలేదు.

ఈల ఊదారు. సాధారణ కెరటం వచ్చింది. పూలదండ వేసిన రెండో యంత్రంతో నూకరత్నం కమ్మ కోసం తొట్టె ఈ చివరనుంచి ఆ చివరదాకా వెతికారు. యంత్రం ఎక్కడా అరవలేదు. దాని క్రమశిక్షణకు కమిటీ సభ్యులు ముగ్ధులయ్యారు. కమ్మ దొరకలేదని త్రివిక్రమరావు గారు గంభీరంగా ప్రకటించి, ఒక్క సముద్రంతో ఇంతకన్నా ఫలితం ఆశించలేమనీ, దానికి అల్లకల్లోల సముద్రం అవసరమనీ విన్నవించారు. శేషశయనం గారు లేచి, ఒక పేదరాలి కన్నీటి చుక్కను తుడవలేని ప్రభుత్వం ఎందుకని చాలాసేపు మాట్లాడారు. మాట్లాడుతూ ఉండగా ఆయన కళ్ళే చెమర్చాయి. రెండో సముద్రం మంజూరైందని చెప్పగానే షామియానా దద్దరిల్లేలా చప్పట్లు మోగాయి. నూకరత్నం కూడా కొట్టింది.

సభ ముగిశాక శేషశయనం గారు వేదిక దిగి నేరుగా ఆమె దగ్గరకు వచ్చారు. పక్కన కూర్చుని, పోయిన కమ్మ ఎలా ఉండేదో గుర్తుందా అని ఆప్యాయంగా అడిగారు. వెనక వరసలో దక్షిణామూర్తి కుర్చీ అంచుకు జరిగాడు. త్రివిక్రమరావు గారు కళ్ళు మూసుకున్నారు.

నూకరత్నం పైట సర్దుకుని, ఎడమచెవి ఆయనకేసి తిప్పింది.

“అచ్చం ఇలాగే ఉండీది బాబూ.”

శేషశయనం గారు కళ్ళజోడు పెట్టుకుని, వంగి, ఆ కమ్మను పరీక్షగా చూశారు. ఆనవాలు కోసం దాన్ని ఫొటో తీయించమని చెప్పారు. ఏ చెవిది పోయిందమ్మా అని అడిగితే, ఇదే బాబూ అని ఆ చెవినే ముట్టుకుని చూపించింది. ఆయన తల పంకించి, ఆమె భుజం తట్టి, దిగులు పడవద్దనీ, ఎన్ని సముద్రాలు కట్టయినా సరే వెతికిస్తాననీ మాట ఇచ్చారు.

అలాగేనండీ అని నూకరత్నం తల ఊపింది. రెండు కమ్మలూ ఊగాయి.